చైనీస్‌లో చదువుకునే మనవలు సెలవులకి గోదారి ఒడ్డుకి వస్తే

మా బుజ్జి రెండో తరగతి పూర్తి చేసుకుని మొన్న జూన్‌లో మా ఇంటికి వచ్చింది. వాళ్ళుండేది అమెరికాలో యూటా రాష్ట్రం. మాది కోనసీమలో ముక్తేశ్వరం దగ్గర లంక ఊరు. దాని బళ్ళో రోజూ ఒక పూట పాఠాలన్నీ చైనీస్‌లోనే చెప్తారు. "రెండు నెలలు వదిలేస్తే అంతా మర్చిపోతుందేమోనమ్మా" అని మా అమ్మాయికి ఒకటే టెన్షన్. నేను 31 ఏళ్ళు ఒకటి, రెండు తరగతుల పిల్లలకి చదువు చెప్పి రిటైరైన దాన్ని. చైనీస్ ఒక్క ముక్క రాదు. అయినా ఆగస్టులో పిల్ల విమానం ఎక్కేనాటికి చదివింది చదివినట్టే ఉంది, పైగా తెలుగు గట్టిపడింది. మీ ఇంటికీ అలాంటి పిల్లలు వస్తుంటే పనికొస్తుందని నేను చేసినవీ, చేసి మానేసినవీ రాస్తున్నాను.

అసలు అక్కడ వాళ్ళు ఏం నేర్చుకుంటారో ముందు మనకి తెలియాలి. మనకి హిందీ పీరియడ్ ఉన్నట్టు వాళ్ళకో చైనీస్ పీరియడ్ ఉంటుందని నేననుకున్నాను. అలా కాదు. లెక్కల పాఠమే చైనీస్‌లో జరుగుతుంది. కూడికలు చేస్తూ, వాతావరణం గురించి చెప్పుకుంటూ, కాగితాలు కత్తిరించి అంటిస్తూ ఉంటే భాష దానంతటదే ఒంటబడుతుంది. దీన్ని ఇమ్మర్షన్ అంటారు. 1965లో కెనడాలోని క్యూబెక్‌లో సెయింట్ లాంబర్ట్ అనే ఊళ్ళో ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులు పట్టుబట్టి, తమ పిల్లలకి కిండర్‌గార్టెన్ నుంచే ఫ్రెంచిలో చదువు చెప్పించారు. ఆ పద్ధతే తర్వాత అన్ని చోట్లకీ పాకింది. అమెరికాలో చైనీస్‌తో ఇలాంటి మొదటి బడి 1981లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెట్టారు. యూటా వాళ్ళయితే 2008లో చట్టమే చేసి ప్రభుత్వ బళ్ళలోకి తెచ్చారు. అక్కడ ఒక క్లాసుకి ఇద్దరు టీచర్లు. ఒక పూట చైనీస్ టీచరు, ఇంకో పూట ఇంగ్లీషు టీచరు. చిన్న తరగతుల్లో లెక్కలు చైనీస్ పూటలోకే వస్తాయి.

చైనీస్ టీచరు మొదటి రోజు నుంచీ పిల్లలతో చైనీస్‌లోనే మాట్లాడుతుంది. ఆరేళ్ళ పిల్లకి ఎలా అర్థమవుతుందని నాకూ భయమేసింది. గోదాట్లో ఈత నేర్పేవాళ్ళు పిల్లని నడి ఏట్లోకి విసిరెయ్యరు కదా. రేవులో మొలలోతు నీళ్ళలో పొట్ట కింద చెయ్యి పెట్టి పట్టుకుంటారు. ఆ టీచరు సైగలూ, బొమ్మలూ, రోజూ ఒకే వరసలో చేయించే పనులూ పొట్ట కింద ఆ చెయ్యి లాంటివి. పొద్దున్నే ఈ రోజు ఏ వారం, ఎన్నో తేదీ, వానా ఎండా అని అడుగుతుంది. చైనీస్‌లో సోమవారాన్ని 'వారం ఒకటి' అంటారు, మంగళవారం 'వారం రెండు'. నెలలూ అంతే, ఒకటో నెల, రెండో నెల. అంకెలొస్తే కేలండరు సగం వచ్చేసినట్టే. టీచర్ని పేరు పెట్టి పిలవరు. ఇంటిపేరు చెప్పి పక్కన 'లావ్‌షి' చేరుస్తారు, మనం మాస్టారూ అన్నట్టు. నాకు ఆ మాట చాలా నచ్చింది.

పిల్ల రాకముందే దాని అమ్మానాన్నల్ని మూడు విషయాలు అడిగి రాసిపెట్టుకోండి. ఒకటి, బళ్ళో సరళం చేసిన అక్షరాలు నేర్పుతున్నారా, పాతవా? చైనాలో 1956 నుంచి చాలా అక్షరాలకి గీతలు తగ్గించారు, తైవాన్‌లో పాతవే రాస్తారు. పిల్ల ఒకటి రాస్తుంటే మీరు ఇంకోటి చూపించి తికమక పెట్టకూడదు. రెండు, ఉచ్చారణ కోసం పిన్‌యిన్ మొదలెట్టారా? అంటే చైనీస్ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి, చైనాలో 1958లో వచ్చింది. తైవాన్ పద్ధతైతే దానికి 37 గుర్తులు వేరే ఉన్నాయి. కొన్ని బళ్ళు మొదట్లో ఏదీ నేర్పవు, నేరుగా అక్షరాలే. మూడు, ఈ ఏడాది ఏ ఏ పాఠాలు చైనీస్‌లో జరిగాయి? కొత్త వర్కుబుక్కులు కొనద్దనండి. కిందటేడు రాసిన నోటుబుక్కులే పెట్టెలో పెట్టమనండి. తను రాసిన పుస్తకం తిరగేస్తుంటే పిల్లకి గుర్తుకొచ్చినంతగా కొత్త పుస్తకంతో రాదు.

నేను లెక్కలతో మొదలుపెట్టాను. మా దొడ్లో కొబ్బరి దింపు తీసిన రోజు కాయలు కుప్ప పోస్తుంటే, పదేసి చొప్పున వరస పెట్టి చైనీస్‌లో లెక్కపెట్టమన్నాను. వాళ్ళు పదకొండుని 'పది ఒకటి' అంటారు. ఇరవైని 'రెండు పది', ఇరవై ఒకటిని 'రెండు పది ఒకటి'. ఇంగ్లీషులో ఎలెవెన్, ట్వెల్వ్ అంటే లోపల పది ఉందని పిల్లకి ఎలా తెలుస్తుంది? ఇక్కడ పదుల స్థానం, ఒకట్ల స్థానం నోటితోనే పలుకుతారు. వంద దాటాక ఇంకో ఐదు కాయలు మిగిలాయి. "యీ పాయ్ లింగ్ వు" అంది. ఏమిటే ఆ లింగ్ అంటే, "సున్నా అమ్మమ్మా, మధ్యలో ఉంది కదా" అంది. వంద, సున్నా, ఐదు. నా సర్వీసంతా నూట ఐదు అనగానే 1005 అని రాసే పిల్లల పలకలు చెరిపి చెరిపి రాయించాను. ఆ సున్నాని నోటితో పలికే భాష ఒకటుందని నాకు కొబ్బరికాయల కుప్ప దగ్గర తెలిసింది.

ఎక్కాలు కూడా మనకి బాగా దగ్గర. మనం "రెండు రెళ్ళు నాలుగు" అన్నట్టే వాళ్ళూ అంకెలు పేర్చి పాట కడతారు. "అర్ అర్ తె స" అంటే అదే. రాత్రి భోజనాలయ్యాక నేను తెలుగులో ఒక వరస, అది చైనీస్‌లో ఒక వరస. లెక్క తప్పకూడదు, లయ తప్పకూడదు. పెద్ద అంకెల దగ్గర మాత్రం జాగ్రత్త. మనకి లక్ష, కోటి ఉన్నట్టు వాళ్ళకి పదివేలకి 'వాన్' అని ప్రత్యేకంగా ఒక మాట ఉంది. లక్ష అంటే పది వాన్‌లు, కోటి అంటే వెయ్యి వాన్‌లు. రెండో తరగతికి ఆ గొడవ లేదు గానీ, పెద్ద పిల్లలుంటే కాగితం మీద మూడు భాషల్లోనూ రాయించండి.

ఇక ఉచ్చారణ. తెలుగు తెలిసిన ఇంటికి ఇక్కడ గొప్ప లాభం ఉంది, చాలామందికి ఆ సంగతి తెలియదు. పిన్‌యిన్‌లో ఇంగ్లీషు బి అక్షరం రాసి ఉంటే నేను 'బా' అని చదివాను. బుజ్జి నా గడ్డం పట్టుకుని "బా కాదమ్మమ్మా, పా" అంది. ఎనిమిదిని 'పా' అంటారు. వాళ్ళ బి మన ప, వాళ్ళ పి మన ప కింద వత్తు పెట్టి గాలి వదిలితే వచ్చేది. డి, టి లలోనూ, జి, కె లలోనూ తేడా ఇదే, గాలి తక్కువా ఎక్కువా. ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పిల్లకి ఈ తేడా విడమర్చి చెప్పడం కష్టం. మనకి క, ఖ లు పలక మీదే ఉన్నాయి. మనం స, శ, ష మూడూ వేరు వేరుగా నేర్పుతాం కదా. వాళ్ళకీ మూడున్నాయి. ఎస్ అని రాస్తే మన స, ఎక్స్ అని రాస్తే మన శ, ఎస్‌హెచ్ అని రాస్తే నాలిక వెనక్కి మడిచే మన ష. 'చాప'లో చ వేరు, 'చీమ'లో చ వేరు అని మీ చెవికి తెలుసు. పిన్‌యిన్‌లో జెడ్ చాపలో చకి దగ్గర, జె చీమలో చకి దగ్గర. కాబట్టి ముందు మీరు వర్ణమాల స్పష్టంగా, వత్తులు వత్తుతూ పలికించండి. అది తెలుగు పాఠమూ అవుతుంది, చైనీస్ పాఠమూ అవుతుంది.

చైనీస్‌లో ఒకే మాటని పలికే తీరు మారితే అర్థం మారిపోతుంది. నాలుగు తీరులున్నాయి. 'మా' అన్న ఒక్క మాటే తీరుని బట్టి అమ్మ, నార మొక్క, గుర్రం, తిట్టడం అవుతుంది. ఇది మనకి రాదని భయపడక్కర్లేదు. మీరు కథ చెప్తుంటే పిల్లలు ఊ కొడతారు చూడండి, ఆ ఊ ఒకే ఎత్తులో సాగుతుంది. మొదటి తీరు అదే. ఎవరైనా పిలిస్తే "ఊఁ?" అని పైకి లేపుతాం, అది రెండోది. చెప్పింది నమ్మబుద్ధి కాకపోతే ఆ ఊ కిందికి దిగి మళ్ళీ లేస్తుంది, అది మూడోది. "ఊఁ, తొందరగా కానియ్" అని గదిమినప్పుడు పైనుంచి కిందికి కొట్టినట్టుంటుంది, అది నాలుగోది. నేను చేత్తో గాల్లో గీత గీసి చూపిస్తే బుజ్జి ఆ తీరులో మాట పలికేది. మూడో తీరు మాటలు రెండు పక్కపక్కన వస్తే వాటిలో ముందుది రెండో తీరుగా మారుతుంది. భాషాశాస్త్రవేత్తలు దీన్ని కూడా సంధి అనే అంటారు, మన వ్యాకరణం మాటే.

చైనీస్ మాటల్ని తెలుగు లిపిలో రాసిపెట్టడం మీ వరకే ఉంచుకోండి. పిల్లకి ఆ కాగితం ఇవ్వకండి. తీరు అందులో ఉండదు. అది చూసి చదివితే గుర్రం అమ్మైపోతుంది.

రాత దగ్గర నేను తప్పు చేశాను. మన అ, ఆ లు దిద్దించినట్టు ఒక్కో అక్షరాన్ని ఇరవైసార్లు రాయించాను. మూడో రోజుకి పిల్ల ఎటునుంచి పడితే అటునుంచి గీతలు కలపసాగింది, బొమ్మ వేస్తున్నట్టు. చైనీస్ అక్షరానికి ఏ గీత ముందు, ఏ గీత తర్వాత అన్నదానికి వరస ఉంది. పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, అడ్డగీత తర్వాత నిలువుగీత. వరస తప్పితే అక్షరం చేతికి అలవాటు కాదు, రెండు వారాలకే జారిపోతుంది. అందుకని నేను రాయించడం మానేసి, పలక నా ఒళ్ళో పెట్టుకుని "నువ్వు చెప్పు, నేను రాస్తాను" అన్నాను. అంతే, పిల్ల లావ్‌షి అయిపోయింది. నేను నిలువు గీత ముందు గీస్తే చెయ్యి పట్టుకుని ఆపేది. నేర్పాలంటే తనకి ఖాయంగా తెలియాలి. సందేహం వస్తే పరిగెత్తి నోటుబుక్కు చూసుకునేది. ఇరవైసార్ల దిద్దుడు కంటే ఇది ఎంతో మేలు.

పొలం అనే అక్షరం చూడండి. చతురస్రం, లోపల నాలుగు మళ్ళు. 'థ్యెన్' అంటారు. ఐదు గీతలు. ముందు ఎడమ గట్టు. తర్వాత పై గట్టూ, కుడి గట్టూ ఒకే గీతగా. లోపల అడ్డగట్టు, నిలువుగట్టు. చిట్టచివర కింద గట్టు వేసి మూసెయ్యాలి. చేలో నీళ్ళు పెట్టాక మడవ కట్టేస్తాం చూడండి, అలా. ఈ పోలిక చెప్పాక బుజ్జి ఆ వరస ఎప్పుడూ తప్పలేదు.

పుస్తకం కంటే మా అరుగు బాగా పనికొచ్చింది. చైనాలో పార్కుల్లో పెద్దవాళ్ళు పొడుగు కుంచెతో నేల మీద నీళ్ళతో అక్షరాలు రాస్తారు. మేము వెదురుపుల్లకి కొబ్బరి పీచు కట్టి, చెంబుతో నీళ్ళు పెట్టుకుని అరుగు మీద రాశాం. పదింటి ఎండకి అరుగు వేడెక్కి ఉంటుంది. నాలుగో గీత గీసేసరికి మొదటి గీత అంచుల నుంచి ఆరిపోతూ ఉంటుంది. ఏది గీశానో ఏది గీయలేదో చూసుకోడానికి ఉండదు, వరస మనసులో ఉండాల్సిందే. పిల్ల మోకాళ్ళ మీద వంగి, పెదవి కొరుక్కుంటూ, గీత లెక్కపెట్టుకుంటూ రాసేది. తప్పు పోతే చెరపక్కర్లేదు, ఎండే చెరిపేస్తుంది. తప్పు కనపడకుండా పోతుందంటే పిల్లలకి భయం ఉండదు.

ఒకరోజు మాది లంక ఊరని చెప్తూ, లంకంటే ఏట్లో మేట వేసిన నేల అన్నాను. కాసేపు ఆలోచించి అరుగు మీద ఒక అక్షరం రాసింది. మూడు నిలువు గీతలు పారుతున్న నీళ్ళలా, ఒక్కో గీతకి ముందు ఒక చుక్క. మూడు గీతలు ఏరు, మూడు చుక్కలు ఏట్లో నేల. మూడు వేల ఏళ్ళకి పూర్వం ఎవరో లంకని చూసి వేసిన బొమ్మే అది. దానికి ఎడమ పక్క నీటిచుక్కలు మూడు చేరిస్తే 'చౌ', నీళ్ళ మధ్య దీవి. చైనీస్‌లో డెల్టాని 'మూడు మూలల దీవి' అంటారని, అందులో చివరి అక్షరం ఇదేనని తర్వాత చూసుకున్నాం. ఎడమ పక్క ఆ మూడు చుక్కలుంటే అది నీళ్ళకి సంబంధించిన మాట కావచ్చని పిల్లకి తెలుసు. ఏరు, సముద్రం, చెరువు అన్నిటికీ ఉంటాయి. చెట్టు ఒకటైతే చెట్టు, రెండైతే తోపు, మూడైతే అడవి. మనిషి పక్కన చెట్టుంటే విశ్రాంతి. మా పాలేరు మధ్యాహ్నం కొబ్బరిచెట్టుకి చేరగిలబడితే "అమ్మమ్మా, ఆ అక్షరం" అని చూపించింది. మీ పరిసరాల్లో కనపడేవాటితో ఇలా ఒక్కోటీ కలపండి. రోజుకి రెండు చాలు.

ఎన్ని అక్షరాలొచ్చని మాత్రం లెక్కలు తియ్యకండి. చైనాలో 2011 సిలబస్ ప్రకారం రెండో తరగతి అయ్యేసరికి పిల్లలు 1600 అక్షరాలు గుర్తుపట్టాలి, 800 రాయాలి. అది ఇంట్లోనూ బయటా ఆ భాషే వినే పిల్లల లెక్క. రోజుకో పూట బళ్ళో వినే మన పిల్లలకి ఆ కొలత పెట్టడం అన్యాయం.

ఇంట్లో వరసలు కలపడం పిల్లకి సరదా. ఇంగ్లీషులో సిస్టర్ అంటే అక్కో చెల్లో తెలియదు. చైనీస్‌లో మనకి లాగే వేరు వేరు మాటలు. అక్క 'చ్యేచ్యే', చెల్లి 'మేయ్‌మేయ్'. అన్నకీ తమ్ముడికీ వేరు, పెదనాన్నకీ బాబాయికీ వేరు, మేనమామకీ బాబాయికీ వేరు, మేనత్తకీ పిన్నికీ వేరు. అమ్మమ్మ వేరు, మామ్మ వేరు. ఇంటికొచ్చిన చుట్టాల వరస తెలుగులో చెప్పించి, తర్వాత చైనీస్‌లో ఏమంటారో అడగండి. వస్తువుల్ని లెక్కపెట్టే తీరు కూడా చూపించండి. మనం మనుషుల్ని ముగ్గురు అంటాం, కాయల్ని మూడు అంటాం. వాళ్ళు ఇంకా ముందుకెళ్ళి చేప, ఏరు, దారి లాంటి పొడుగాటి వాటికి ఒక మాట, పుస్తకాలకి ఒక మాట చేరుస్తారు.

ఒక్క పని అస్సలు చెయ్యకండి. చుట్టాల ముందు నిలబెట్టి "ఏదీ, చైనీస్‌లో మాట్లాడు" అనకండి. ఒక పెళ్ళిలో దగ్గర బంధువులే ఇలా అడిగి, పిల్ల నోరు విప్పకపోతే "ఏమీ రాదన్నమాట" అనేశారు. నాలుగు రోజులు అరుగు మీదకి రాలేదు బుజ్జి. ఈ పిల్లలకి వినేది కొండంత అర్థమవుతుంది, మాట్లాడేది అందులో కొంచెం. అది వాళ్ళ లోపం కాదు, భాష ఒంటబట్టే వరసే అంత. ఎవరైనా అడిగితే "మీకు అంకెలు నేర్పుతుంది, కూర్చోండి" అనండి. అడిగినవాళ్ళు నేర్చుకోడానికి కూర్చుంటే పిల్ల నోరు అదే విప్పుతుంది.

కోటిపల్లి వెళ్తూ, గోదారి దాటించే పంటు మీద ఒకాయన "చైనా భాష మన పిల్లకెందుకండీ" అన్నారు. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ నలందలో సంస్కృతం చదువుకుని ఆంధ్రదేశానికి వచ్చి వేంగిని చూసి రాసిపెట్టాడు. ఆయన రాయబట్టే మన సంగతులు కొన్ని మనకి తెలిశాయి. ఆ కథ అక్కడే పంటు మీద బుజ్జికి చెప్పాను, ఆయనా విన్నారు.

తల్లిదండ్రులకి ఉండే భయం ఇంకోటి, ఇంగ్లీషు వెనకబడుతుందేమోనని. మొదటి రెండు మూడేళ్ళు ఇంగ్లీషు చదవడంలో కొంచెం వెనకా ముందూ కావచ్చు. సెయింట్ లాంబర్ట్ పిల్లల్ని ఏళ్ళ తరబడి పరిశీలించినవాళ్ళు, వాళ్ళ ఇంగ్లీషు దెబ్బతినలేదనే తేల్చారు. మూడు భాషలు బరువని చెప్పి తెలుగు మానిపించే ఇళ్ళు చూస్తే నాకు బాధేస్తుంది. చైనీస్ లెక్క చేశాక "ఎలా చేశావో నాకు తెలుగులో చెప్పు" అనండి. అర్థమై చేసిందో, చూసి దింపిందో అప్పుడే తెలిసిపోతుంది.

ఫోను కొంచెం వాడండి. కీబోర్డులో చైనీస్ చేర్చి మైకు నొక్కి పిల్లని మాట్లాడమంటే, సరిగ్గా పలికినప్పుడు సరైన అక్షరం తెరమీద పడుతుంది. మనం తప్పొప్పులు చెప్పక్కర్లేదు. ప్లెకో అనే నిఘంటువు యాప్‌లో అర్థం చూసుకోవచ్చు. రోజుకి పావుగంట మించితే అరుగు మీద ఆట పోతుంది.

పిల్లలు వెళ్ళిపోయాక కూడా ఆపకండి. వాళ్ళకి రాత్రి ఏడైతే మనకి మర్నాడు పొద్దున ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. వారానికి రెండుసార్లు, పది నిమిషాలు, ఆ వారం నేర్చుకున్న ఒక్క అక్షరం నాకు నేర్పాలని ఒప్పందం. నేను ఇక్కడ పలక పట్టుకుని కూర్చుంటాను. మొన్న వాన అనే అక్షరం నేర్పింది. పైన ఆకాశం గీత, కింద కిటికీ లాంటి చట్రం, లోపల నాలుగు చుక్కలు. ఆ పూట ఇక్కడ తుఫాను వాన, చూరు నుంచి ధారలు కడుతోంది. ఫోను గుమ్మం వైపు తిప్పి చూపించాను. కాసేపు చూసి, "ఇంత వానకి నాలుగు చుక్కలు చాలవేమో అమ్మమ్మా" అంది.